జాలంలో ఒక కణుపు

మన వార్షిక సంచికను ఒక వైపు నుంచి తెలుగువారు, మరొక వైపు నుంచి ఉర్దూవారు తెరుస్తారు. కంప్యూటరు రాకపూర్వం ఇటువంటి సంచికలలోని ఉర్దూ పుటలు కాతిబుల చేతివ్రాతతోనే అచ్చయ్యేవి. ఆనాటి ప్రతులను స్కాన్ చేసి ఏదో ఒక వెబ్‌సైటులో ఉంచితే చాలునని అనుకుంటాము. కాని అద్దె చెల్లించని నాడు ఆ వెబ్‌సైటు చిరునామా పోతుంది, దానితో సంచికా పోతుంది. ఈ లోపానికి విరుగుడుగా హ్వాన్ బెనెట్ రూపొందించగా 2015లో వెలువడినదే ఐపీఎఫ్‌ఎస్ అనే వికేంద్రీకృత జాలం.

గ్రంథాలయంలో ఒక పుస్తకాన్ని 'మూడవ బీరువా, రెండవ అర' అని చెప్పి అడగవచ్చు. పుస్తకం పేరు చెప్పీ అడగవచ్చు. సాధారణ వెబ్ మొదటి పద్ధతిని అనుసరిస్తుంది. ఐపీఎఫ్‌ఎస్‌లో చిరునామా వస్తువు నుంచే పుడుతుంది. ఫైలులోని సమస్తాన్నీ గణించి ఒక పొడవైన సంకేతాన్ని తీస్తారు. దీనినే హాష్ అంటారు. ఉర్దూలో నుఖ్తా పైనుంటే ఖుదా, కిందికి దిగితే జుదా. ఇక్కడా అంతే, ఒక చుక్క మారినా సంకేతం పూర్తిగా మారిపోతుంది. కావున ఎవరి వద్ద నుంచి తెచ్చుకున్నా అది అసలు ప్రతియే అని సరిచూసుకోవచ్చు. 2017 ఏప్రిల్ 29న టర్కీ ప్రభుత్వం వికీపీడియాను నిషేధించినపుడు, టర్కీ భాషలోని వికీపీడియా ప్రతిని ఈ జాలంలోనే ఉంచారు. ఆ నిషేధం 2020 జనవరిలో గాని తొలగలేదు.

ఈ జాలంలో పాల్గొనే ప్రతి యంత్రాన్నీ నోడు అంటారు. చెరకు గడను తలచుకొని మేము కణుపు అంటున్నాము. కళాశాలలో విద్యుత్తు నిలకడగా ఉండదు కనుక కణుపును క్లౌడులో అద్దె యంత్రంపై పెట్టడం వాడుక. లినక్సు గల యంత్రం తీసుకొని అందులో కూబో అనే ప్రోగ్రామును స్థాపించాలి. ఆరంభించేటపుడే 'సర్వర్' అనే అమరికను ఎంచుకోవాలి. లేనిచో ఆ ప్రోగ్రాము ఇరుగుపొరుగు యంత్రాలను వెదకుతూ పోతుంది. క్లౌడు యజమానులు దానిని దొంగచూపుగా భావించి హెచ్చరిక పంపవచ్చు. 4001 అనే ద్వారాన్ని తెరిచి ఉంచాలి. 5001ని మాత్రం బయటివారికి ఎన్నడూ తెరవరాదు. అది యజమాని గది, అందులో అడుగుపెట్టినవాడు కణుపును తన ఇష్టం వచ్చినట్లు నడపగలడు. యంత్రం ఆగి తిరిగి లేచినపుడు కూబో తనంతట తాను మొదలయ్యే ఏర్పాటు కూడా చేయాలి. 'ఈ పుట నా వద్ద ఉన్నది' అనే ప్రకటనకు సుమారు రెండు రోజులే ఆయుష్షు. కణుపు మేల్కొని ఉండి దానిని పునరుద్ధరిస్తూ ఉండాలి.

పలువురు పొరబడేది మరొక చోట. ఫైలును జాలంలో చేర్చగానే అది లోకమంతటా నకలైపోదు. దానిని ఎవరు పిన్ చేసుకుంటారో, అనగా తొలగించకుండా నిలుపుకుంటారో, వారి వద్దనే నిలుస్తుంది. మనము ఒక్కరమే పిన్ చేస్తే ఉన్నది ఒక్క ప్రతియే. అదీ ఒక సంస్థ భవనంలో. క్లౌడు అనగానే ఆకాశంలో ఏదో ఉన్నట్లు తోస్తుంది గాని, అది ఇటుకలతో కట్టిన ఇల్లే. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ భవనం ఒకటి అగ్నికి ఆహుతి అయింది. వేరొక చోట నకలు ఉంచుకోని ఖాతాదారులు కొందరు సర్వమూ కోల్పోయారు. వికేంద్రీకృత జాలపు కణుపులన్నీ ఒకే ఇంటి కప్పు కింద చేరితే ఆ పేరుకు అర్థం లేదు.

అమెజాన్ సంస్థ 2022లో హైదరాబాదులోనూ క్లౌడు కేంద్రాలను తెరిచింది. ఒక కణుపును అక్కడ, రెండవదానిని వేరొక సంస్థ వద్ద, మూడవదానిని మన గ్రంథాలయంలోని పాత కంప్యూటరుపై నడపవచ్చు. మూడవది అప్పుడప్పుడు ఆగినా ప్రమాదం లేదు. పాలకవర్గం వార్షిక వ్యయంలో రెండు అద్దెలకు చోటు కల్పించాలి.

అన్యులు ఒకసారి పిన్ చేసుకున్న పుటను వెనుకకు రప్పించే అధికారం మనకు ఉండదు. కావున విద్యార్థుల ఇంటి చిరునామాలు గల పుటలను స్కానింగుకు ముందే వేరుచేయవలసిందిగా సంపాదకవర్గానికి మా మనవి.