‘గోల్‌మాల్’ల మీసాల సేటు నాటకాలెందుకు రాసిండు?

1979ల వచ్చిన హిందీ సినిమా ‘గోల్‌మాల్’ చూసిండ్రా? అండ్ల మీసాలు లేనోణ్ని నమ్మని సేటు ఒకాయన ఉంటడు. ఆయనే ఉత్పల్ దత్. చాన ఏండ్లు నేను గూడ ఆయన్ని కామెడీ యాక్టరే అనుకున్న. గాని బెంగాల్‌ల ఆయన పేరు చెప్తే ముందుగాల యాదికొచ్చేది నాటకాలే.

1929ల పుట్టిన ఉత్పల్ దత్, కలకత్తాల చదువుకుంటనే షేక్‌స్పియర్ నాటకాలేసిండు. ఊరూరు తిరిగే జెఫ్రీ కెండల్ ఇంగ్లీషు నాటక కంపెనీల చేరి పని నేర్సుకుండు. 1949ల సొంతంగ లిటిల్ థియేటర్ గ్రూప్ పెట్టిండు. 1950ల ‘మైకేల్ మధుసూదన్’ సినిమాల హీరో అయిండు. అంతా మంచిగనే ఉంది. గాని ఆ ఇంగ్లీషు నాటకాలు సమజయ్యేది ఎంతమందికి? అందుకే బెంగాలీకి మారిండు. భాష మారితే సరిపోదు, కష్టం చేసేటోళ్ల కథలు గూడ కావాలె. అవి తనే రాసుడు షురూ చేసిండు.

1959ల మినర్వా థియేటర్ కిరాయికి తీసుకొని ‘అంగార్’ ఆడిండ్రు. అది బొగ్గుబాయి కార్మికుల కథ. బాయిల మంటలు లేస్తే, లోపల మనుషులుండంగనే యాజమాన్యం నీళ్లిడుస్తది. మనుషులు పోయినా సరే, బొగ్గు దక్కాలె! నాది సింగరేణి దిక్కు. షిఫ్టుకు పోయినోడు ఇంటికొచ్చేదాక మా ఇండ్లల్ల బుక్క దిగదు. ఆ కథ తెలిసినప్పుడు బెంగాల్ నాకు దూరమనిపియ్యలే.

1946ల నేవీ సిపాయిల తిరుగుబాటు మీద 1965ల ‘కల్లోల్’ రాసిండు. అదే ఏడు సర్కార్ ఆయన్ని అరెస్టు చేసి, విచారణ లేకుంటనే నెలల తరబడి జైల్ల పెట్టింది. అయినా కలం ఆపలే. తర్వాత ‘జాత్రా’ల దిక్కు పోయిండు. జాత్రా అంటే మన చిందు భాగోతం లెక్క, జనం నడుమ ఆడే ఆట. ‘భువన్ షోమ్’ సినిమాకు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చినా, సినిమా పైసలతోని నాటకాలే నడిపిండు. 1993ల కాలం చేసేదాక రంగస్థలాన్ని ఇడ్వలే.

తమ్మీ, చెల్లే! సినిమా డైలాగులకు రీల్స్ చేసుడు తప్పంటలేను. ఆయన గూడ వేరేటోళ్ల మాటలతోనే మొదలువెట్టిండు. గాని ఒక్కసారి మీ నాయిన షిఫ్టు ముచ్చటో, మీ అమ్మ నాట్ల ముచ్చటో మీ యాసల రెండు పేజీలు రాసి, మీ వాడకట్టుల ఆడుండ్రి. అది మీకంటే మంచిగ ఎవలు రాస్తరు?