నేరాంగీకారం తరువాత అప్పీలు (మాదకద్రవ్యాల కేసులు)

నేరాంగీకారం తరువాత అప్పీలు అనగా న్యాయస్థానంలో నేరాన్ని ఒప్పుకొని శిక్ష పొందిన ముద్దాయి, ఆ తీర్పుపై పై న్యాయస్థానాన్ని ఆశ్రయించడం. భారతదేశంలో ఈ హక్కు చాలా పరిమితమైనది. తాను దోషి అన్న నిర్ణయాన్ని ముద్దాయి ప్రశ్నించలేడు. విధించిన శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్న రెండు విషయాలనే ప్రశ్నించగలడు. గోదావరి జిల్లాలలో ఈ నియమం ప్రాముఖ్యం గంజాయి రవాణా కేసులలో బాగా తెలుస్తుంది.

నేపథ్యం

విశాఖ మన్యంలోను, ఒడిషా సరిహద్దు కొండలలోను పండే గంజాయి ఇతర రాష్ట్రాలకు చేరే దారులలో గోదావరి జిల్లాలు ఉన్నాయి. ఒక దారి తుని, రాజమహేంద్రవరం, రావులపాలెం, తణుకుల మీదుగా పోయే 16వ జాతీయ రహదారి. మరొకటి చింతూరు, మారేడుమిల్లి, రంపచోడవరంల మీదుగా దిగే ఘాట్ రోడ్డు. పట్టుబడేవారిలో సరుకు యజమానుల కంటే కూలికి మోసేవారు, డ్రైవర్లు తరచు కనిపిస్తారు. వీరిలో తెలుగు రానివారూ ఉంటారు.

శిక్షలు

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డిపిఎస్ చట్టం) ప్రకారం గంజాయి ఒక కిలో వరకు స్వల్ప పరిమాణం. దీనికి ఏడాది వరకు శిక్ష. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. దీనికి 10 నుండి 20 ఏళ్ళ కఠిన కారాగారం, లక్ష నుండి రెండు లక్షల రూపాయల జరిమానా. ఈ రెంటి మధ్య పరిమాణానికి 10 ఏళ్ళ వరకు శిక్ష ఉంటుంది.

ఒప్పుకుంటే న్యాయమూర్తి దయ చూపుతారని, జైలులో గడిపిన కాలంతో సరిపెడతారని ముద్దాయిలు ఆశించడం సహజం. స్వల్ప పరిమాణం కేసులో ఆ ఆశ నెరవేరవచ్చు. వాణిజ్య పరిమాణమైతే పదేళ్ళకు తగ్గించే అధికారం విచారణ న్యాయస్థానానికి గాని, అప్పీలు న్యాయస్థానానికి గాని లేదు. రిమాండు కాలం ఆ పదేళ్ళలో లెక్కకు వస్తుంది, అంతే.

అప్పీలు పరిధి

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 412వ సెక్షనులో ఉన్న ఈ నియమం 1973 కోడ్‌లో 375వ సెక్షనుగాను, 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 416వ సెక్షనుగాను కొనసాగింది. సోదా సక్రమంగా జరగలేదని, నమూనాలు సరిగా తీయలేదని, ఆకులను, గింజలను కలిపి తూచారని చెప్పే వాదనలన్నీ నేరాంగీకారంతో దాదాపు ముగిసిపోతాయి. అయితే 18 కిలోలని రికార్డే చెబుతుండగా వాణిజ్య పరిమాణానికి శిక్ష వేస్తే, అది చట్టబద్ధతకు సంబంధించిన ప్రశ్న. జరిమానా కట్టలేనివారికి వేసే అదనపు జైలుశిక్షనూ ప్రశ్నించవచ్చు. గుజరాత్‌కు చెందిన ఒక మాదకద్రవ్యాల కేసులో సుప్రీంకోర్టు 2012లో ఇటువంటి మూడేళ్ళ శిక్షను ఆరు నెలలకు తగ్గించింది.

అసలు ఒప్పుకోలే సరైనది కాదన్న వాదన వేరు. అభియోగాన్ని ముద్దాయికి చదివి వినిపించి, అర్థమయ్యేటట్లు వివరించాలి. ఒప్పుకున్నంత మాత్రాన శిక్ష వేసితీరాలని లేదు. అది న్యాయమూర్తి విచక్షణ. తెలియని భాషలో అడిగితే తల ఊపినవాడు నేరం ఒప్పుకున్నట్లు కాదని, తనను విచారించాలని హైకోర్టును కోరవచ్చు. తేలికగా వదిలేస్తామని ఆశ చూపి ఒప్పించి, తరువాత అప్పీలులో శిక్ష పెంచడం రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని తిప్పేస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

పోలీసుల ఎదుట ఇచ్చిన వాంగ్మూలాన్ని దీనితో కలపరాదు. మాదకద్రవ్యాల చట్టం కింద అధికారుల ఎదుట చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో తీర్పు వచ్చింది. స్టేషనులో ఒప్పుకున్నాను గనుక కోర్టులోనూ ఒప్పుకోవాలనుకోవడం పొరపాటు.

ప్లీ బార్గెయినింగ్ పద్ధతి 2006 నుండి అమలులో ఉన్నా, ఏడేళ్ళకు మించిన శిక్ష గల నేరాలకు అది వర్తించదు. కనుక కిలోకు మించిన గంజాయి కేసులలో దానికి తావులేదు.

గడువు, విధానం

సెషన్స్ స్థాయి ప్రత్యేక న్యాయస్థానం తీర్పుపై 60 రోజులలో అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, మేజిస్ట్రేటు తీర్పుపై 30 రోజులలో సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవాలి. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. అప్పీలు వేసినంతనే విడుదల కలగదు. వాణిజ్య పరిమాణం కేసులలో శిక్ష నిలుపుదలకు 37వ సెక్షనులోని కఠినమైన బెయిలు షరతులు వర్తిస్తాయి. రాజమహేంద్రవరం కేంద్ర కారాగారం వంటి చోట్ల ఉన్న ఖైదీ తన అప్పీలును జైలు అధికారికి ఇస్తే, ఆయన దానిని న్యాయస్థానానికి పంపాలి. నిర్బంధంలో ఉన్నవారికి 1987 నాటి చట్టం ప్రకారం న్యాయసేవల సంస్థ ద్వారా ఉచితంగా న్యాయవాదిని పొందే హక్కు ఉంది. నేరం ఒప్పుకున్నవారికీ ఈ హక్కు వర్తిస్తుంది.