తిథిలేని దీపావళి

ఆశ్వయుజ బహుళ చతుర్దశి నాడు తెల్లవారకమునుపే తలంటి పోసికొనుట, మరునాటి సాయంకాలము గుమ్మముల ముందు దివ్వెలు పెట్టి పిల్లలచేత కాకరపువ్వొత్తులు, మతాబులు, చిచ్చుబుడ్లు కాల్పించుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న వేడుక. ఆనాటి చప్పుళ్ళకు మన మెంత విసిగినను సర్దుకొందుము. పసిబిడ్డ తల్లి ముందుగనే ఉయ్యెలను లోపలిగదికి మార్చును. ముసలివారు పెందలకడ భుజించి తలుపులు వేయించుకొందురు. పాడిగలవారు పశువులను కొట్టములో కట్టుదురు. ఏలయన, పండుగ రానున్నదని పంచాంగము ఉగాదినాడే చెప్పియున్నది.

సోదరీమణులారా! ఇప్పుడు మన వీధులలో దీపావళికి తిథితో పనిలేకపోయినది. పెండ్లి ఊరేగింపు వచ్చిన టపాకాయలు. ఎన్నికలలో నెగ్గిన టపాకాయలు. నాయకుని పుట్టినరోజునకు, క్రొత్త చలనచిత్రమునకు, క్రికెట్ పందెమున గెలుపునకు, డిసెంబరు 31వ తేది అర్ధరాత్రమునకు టపాకాయలే. ఎప్పుడు మ్రోగునో, ఎంతసేపు మ్రోగునో కాల్చువారికి తప్ప అన్యులకు తెలియదు.

తిథి చూడక వచ్చువాడు అతిథి యని పెద్దలు చెప్పుదురు. అట్టివానికి కాళ్ళకు నీళ్ళిచ్చి అన్నము పెట్టుట మన ధర్మము. కాని తిథిలేక వచ్చు ఈ చప్పుడు మన యింట తిని పోవునది కాదు. మన నిద్రను ఎత్తుకొనిపోవునది. పండుగకు తిథిని నిర్ణయించుటలో దైవభక్తి యొక్కటియే కాక ఇరుగుపొరుగులయెడ మర్యాదయు కలదని నాకు తోచుచున్నది. తిథి యనగా ఊరందరికి ముందుగా అందిన కబురు.

బాణసంచా పూర్వము దీపావళికే పరిమితమైనదని నే ననజాలను. 1443లో విజయనగరమునకు వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ మహానవమి యుత్సవములలో బాణసంచా చూచినట్లు వ్రాసియున్నాడు. అయితే అది చూడవలెనని వచ్చిన జనుల నడుమ జరిగిన వేడుక. మంచముపై పడుకొన్న రోగి కిటికీ క్రింద అర్ధరాత్రివేళ జరిగినది కాదు.

మా వీధిలో నిరుడు మాఘమాసమున ఒక పెండ్లి ఊరేగింపు రాత్రి పదకొండు దాటిన పిమ్మట వచ్చినది. వేయి టపాకాయల దండను నడివీధిలో పరచి ముట్టించిరి. ఎదురింట పురిటి పదునొకండవనాటి బిడ్డ. ప్రక్కయింట గుండెజబ్బుతో మంచము పట్టిన పెద్దాయన. ఆ పై యింట తెల్లవారి పరీక్షకు పోవలసిన పిల్ల. బాలెంతరాలి తల్లి బయటకు వచ్చి, "బిడ్డ ఉలికిపడుచున్నదమ్మా, కొంచెము అవతలకు పోయి కాల్చుకొనుడు" అని బ్రతిమాలినది. "ఒక్క రాత్రికే గదా పిన్నిగారూ! పరుల శుభమునకు ఓర్వలేకపోయిన నెట్లు?" అని పెండ్లివారిలో నొకామె బదులు పలికినది. ఆ మాటతో ఆ రెండిండ్లకు పసుపుకుంకుమల రాకపోకలు నిలిచిపోయినవి. చప్పుడు అరగంటలో అణగినది గాని ఆ మాట నేటికిని అణగలేదు.

"ఒక్క రాత్రికే గదా" అను మాటను లెక్కవేసి చూడవలెను. మా వీధిలో నలువది యిండ్లున్నవి. ఇంటికి ఏట ఒక్క శుభకార్యము చొప్పున చూచినను నలువది రాత్రులైనవి. కాల్చువారికి ఒక్క రాత్రి, వినువారికి నలువది.

భారతమున సౌప్తికపర్వమును చదివిన సోదరీమణులకు అశ్వత్థామ కథ తెలియును. పగలు పోరాడి అలసి నిద్రించుచున్న వారిపై నతడు రాత్రివేళ పడెను. రణమున చంపుట తప్పుకాదనుకొన్న ఆ కాలమువారు సైతము నిద్రితునిపై చేయి యెత్తుటను మెచ్చలేదు. టపాకాయను ఆ ఘోరముతో సరితూచుట నా యుద్దేశము కాదు. నిద్రించువానికి ఒక రక్షణ కలదనియు, దానిని శత్రువు సైతము మన్నింపవలెననియు మన పెద్దలు తలచిరని మాత్రమే చెప్పుచున్నాను.

ఆ ధర్మమునే నేటి శాసనము అంకెలలో చెప్పుచున్నది. 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లకు శబ్దము మించరాదు. రాత్రి యనగా పదిగంటలు మొదలు ఉదయము ఆరుగంటల వరకు. ఆ వేళలో చప్పుడుచేయు బాణసంచాను కాల్చరాదని సుప్రీంకోర్టు 2005లో ఆజ్ఞాపించినది; 2010లో ఆ నిషేధము నిబంధనలలోనే చేరినది. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానముల చుట్టును నూరు మీటర్ల మేర నిశ్శబ్దమండలములుగా ప్రకటించుటకు వీలున్నది; అట్టి చోట్ల పగలైనను కాల్చరాదు. 2018 అక్టోబరు 23వ తేది తీర్పులో దీపావళికి రాత్రి 8 మొదలు 10 వరకును, క్రిస్టమస్, నూతన సంవత్సరములకు 11.55 మొదలు 12.30 వరకును మాత్రమే వేళ నిర్ణయించిరి. టపాకాయల దండలను నిషేధించినదియు ఆ తీర్పే.

ఒక్క టపాకాయ నాలుగు మీటర్ల దూరమున 125 డెసిబెల్లకు మించి మ్రోగరాదని 1999 నాటి నియమము. పది డెసిబెల్లు పెరిగిన శబ్దశక్తి పదిరెట్లగును. కొలుచు పద్ధతులలో కొంత భేదమున్నను, 45కును 125కును నడుమ అంతరము పదికోట్ల రెట్లని గ్రహించిన, ఉయ్యెలలోని బిడ్డ యేల ఉలికిపడునో వేరుగ చెప్పనక్కరలేదు.

నోరులేని ప్రాణుల సంగతియు తలపవలెను. కుక్కకు మనకంటె సూక్ష్మమైన వినికిడి గలదు; బెదరి పరుగెత్తి దారితప్పుట తరచుగా చూచుచున్నాము. 2010 డిసెంబరు 31వ తేది రాత్రి అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రమున బీబీ యను పట్టణములో గూళ్ళు చేరిన పక్షులు వేలకొలది నేలరాలినవి. బాణసంచా మ్రోతకు బెదరి చీకటిలో ఎగిరి, ఇండ్లకును చెట్లకును కొట్టుకొని చచ్చెనని అక్కడి అధికారులు భావించిరి.

ఇక మనము చేయదగిన దేమి? శుభకార్యమునకు పిలుపుల కేగునది మనమే గదా! బొట్టుపెట్టి పిలుచునపుడే, "ఊరేగింపు ఈ వేళకు మీ యింటిముందునకు వచ్చును" అని చెప్పుదము. మన మగవారితోను పిల్లలతోను ముందే మాటాడి, పది కొట్టకమునుపే ముగియునట్లు చూతము. ఆసుపత్రి గల వీధిని తప్పింతము. నాదస్వరమును, దీపముల కాంతియు శోభకు చాలును. అంతగా ముచ్చటపడిన మతాబులు కాల్పింతము. మరునాడు ఉదయమే ప్రేలని టపాకాయలను ఏరి నీళ్ళబకెట్టులో వేయింతము. దీపావళినాడు జాగ్రత్తలు చెప్పించుకొన్న పిల్లలకు ఈ తిథిలేని మరునాడు ఎవరును చెప్పరు. బడికి పోవుచు ఏరుకొని చేతులు కాల్చుకొందురు. కాలినచో ఇంకును పళ్ళపొడియు పూయక, ఇరువది నిమిషములు చల్లని నీటిధార క్రింద నుంచి వైద్యునికి చూపవలెను.

పొరుగువారు కాల్చునప్పుడు అర్ధరాత్రి జగడమాడుటకంటె, మరునాడు తీరికవేళ ఆ యింటి యిల్లాలితో మెల్లగా చెప్పుట మేలు. ప్రాణాపాయము గలచోట మాత్రము జాగుచేయక 112కు ఫోను చేయవలెను.

శుభము నలుగురితో పంచుకొన్నప్పుడే శోభిల్లును. ముందుగా కబురైన పంపక నలుగురి నిద్రను ఖర్చుపెట్టి జరిపిన వేడుక పంచుకొన్నది కాదు, అప్పుచేసినది. అందుచేత మన యింటి సంతోషము వీధిలోనికి వెడలునపుడు కబురు ముందు నడువవలెను. చప్పుడు దాని వెనుక మెల్లగా రావలెను.