నిన్నటి తోటివాడు నేడు నడిపిస్తే

మన రామకుప్పం పల్లెల నుండి యవ్వనస్థులు కుప్పంలో రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్లడం మనకు క్రొత్త కాదు. వెళ్లిన వారిలో కొందరు కొన్నాళ్లకే మూట సర్దుకొని తిరిగి వస్తారు. కారణమేమని అడిగితే జీతం చాలలేదంటారు. నిదానంగా ప్రక్కన కూర్చోబెట్టి అడిగితే అసలు మాట బయటికి వస్తుంది. "నా దగ్గర పని నేర్చుకొన్నవాడే నాకు సూపర్‌వైజరయ్యాడు. వాని మాట నేను వినాలా?" ఈ ఒక్క మాట ఎన్ని ఇండ్లలో కూడు పోగొట్టిందో ఆలోచించండి.

దీనికి జవాబు గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారి జీవితంలో కనబడుతుంది. సినిమా పాటల సంగతి మన పత్రికలో ఎందుకని పెద్దలు అడుగవచ్చు. పాటల మంచిచెడ్డలు తూచడం ఈ వ్యాసం పని కాదు. ఒక మనిషి తన పనిని, తోటి పనివారిని ఎలా చూచుకొన్నాడో తెలిసికోవడమే మన పని. చీమను చూచి కూడా బుద్ధి తెచ్చుకోమని మనం పిల్లలకు చెబుతాము గదా!

ఆయన 1946 జూన్ 4న జన్మించారు. తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. కుమారుడు ఇంజనీరు కావాలని ఆ తండ్రి ఆశ. బాలు అనంతపురంలో ఇంజనీరింగులో చేరారు గాని టైఫాయిడు వచ్చి ఆ చదువు ఆగిపోయింది. తరువాత మద్రాసులో ఏ.ఎం.ఐ.ఇ. చదువుతూ పాటల పోటీలలో పాడేవారు. అక్కడ ఆయన గొంతులోని తలాంతును గుర్తించినవారు సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి. 1966లో "శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న" చిత్రానికి తొలి పాట పాడించినదీ ఆయనే. బాలు ఆ మేలు మరువలేదు. తరువాతి కాలంలో తాను కట్టించుకొన్న రికార్డింగ్ థియేటరుకు తన పేరు పెట్టుకోలేదు, కోదండపాణి గారి పేరే పెట్టారు. ఎక్కిన మెట్టును మరచినవాడు తన వెనుక వచ్చేవానికి చేయి అందించడు.

ఇక అసలు సంగతికి వద్దాము. ఆ తొలి దినాలలో బాలు ఒక పాటల బృందాన్ని నడిపేవారు. ఊరూరా కచేరీలు చేసేవారు. ఆ బృందంలో గిటారు, తరువాత హార్మోనియం వాయించిన యువకుడే ఇళయరాజా. ఆయన తమ్ముడు గంగై అమరన్ కూడా అందులో ఉండేవారు. 1976లో "అన్నక్కిళి" అనే తమిళ చిత్రంతో ఇళయరాజా సంగీత దర్శకులయ్యారు. అంతే, స్థానాలు తారుమారయ్యాయి. నిన్న బృందంలో ప్రక్కన వాయించినవాడు నేడు "ఇలా పాడు, అలా కాదు" అని చెప్పే స్థానంలో కూర్చున్నాడు. బాలు ముఖం చాటేయలేదు. మైకు ముందు నిలువబడి, చెప్పినట్లు పాడారు. ఆ ఇద్దరి కలయికలో వచ్చిన పాటలు వందలకు వందలు. ఆనాడు బాలు పెద్దరికం కొరకు పట్టుబట్టి ఉంటే నష్టపోయేది ఎవరు?

బర్నబాను జ్ఞాపకం చేసికోండి. తార్సుకు వెళ్లి సౌలును వెదకి అంతియొకయకు తోడుకొని వచ్చినవాడు అతడే. తరువాత పేర్ల వరుస మారి పౌలు ముందుకు వచ్చాడు. దాని కొరకు బర్నబా గొణిగినట్లు మనమెక్కడా చదవము.

బాలు నేర్చుకోవడానికి సిగ్గుపడని మనిషి. ఆయన శాస్త్రీయ సంగీతం క్రమంగా అభ్యసించలేదు. అయినా 1980లో విడుదలైన "శంకరాభరణం"లో పెద్ద విద్వాంసుని పాత్రకు ఆయనే పాడవలసి వచ్చింది. అప్పటికే పేరు మోసిన గాయకుడు. నాకు తెలియనిదా అనలేదు. సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ గారి సహాయకుడైన పుహళేంది దగ్గర కూర్చుండి, చరణం చరణం నేర్చుకొని పాడారు. సహాయకుని దగ్గర నేర్చుకొన్న ఆ పాటలే ఆయనకు మొదటి జాతీయ అవార్డు తెచ్చాయి. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ భాషలలో మొత్తం ఆరుసార్లు ఆ అవార్డు అందుకొన్నారు. మన ప్రాంతంలో సంతకు వెళ్లినా తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినబడతాయి. విని ఊరుకోక, శ్రద్ధగా నేర్చుకొంటే మన పిల్లలకు అవే జీవనాధారమవుతాయి.

అన్నీ సాఫీగా సాగాయని అనుకోవద్దు. 2017లో ఆయన విదేశాలలో కచేరీలు చేస్తుండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడరాదని ఇళయరాజా తరపు వకీలు నోటీసు పంపారు. ఎవరిది న్యాయమో తీర్పు చెప్పడానికి మనమెవరము? బాలు ప్రవర్తన మాత్రం గమనించండి. చట్టం అదే అయితే దానికి లోబడతానన్నారు. ఆ పాటలు మాని ఇతరుల పాటలతో కచేరీలు కొనసాగించారు. దీనిని రచ్చ చేయవద్దని అభిమానులను కోరారు. తలుపు మూసినా గడియ వేయలేదు. కనుకనే 2019 జూన్‌లో చెన్నైలో జరిగిన ఇళయరాజా కచేరీలో ఆయన మరల పాడగలిగారు. 2020లో బాలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, త్వరగా లేచి రమ్మని ఇళయరాజా పిలిచిన పిలుపు లోకమంతా విన్నది. ఆ సెప్టెంబరు 25న బాలు కన్నుమూశారు. కోపములో గడియ వేసికొని ఉంటే ఆ ఇద్దరికీ మరల కలిసికొనే వేళ దొరికేదా?

1996లో ఈటీవీలో ప్రారంభమైన "పాడుతా తీయగా" మీలో అనేకులు చూచియుంటారు. పిల్లవాడు తప్పు పాడితే బాలు ముందు బాగున్న చోటు చెప్పి, తరువాత తప్పిన చోటు తానే పాడి చూపించేవారు. తప్పు దిద్దబడేది, పిల్లవాడు చిన్నబోయేవాడు కాడు. మేస్త్రీలు, ఉపాధ్యాయులు, తలిదండ్రులు, మన సంఘాలలో పాటల బృందాలు నడిపేవారు ఈ పద్ధతి నేర్చుకోవాలి. పదిమందిలో గద్దిస్తే పిల్లవాడు మారడు, ఆదివారం వెనుక బెంచీకి పోతాడు, ఆ తరువాత రావడమే మానేస్తాడు.

తలిదండ్రులారా, మీ కుమారుడు పని మాని ఇంటికి వస్తే, ముందు ఒక ప్రశ్న అడగండి: "పని చేతకాక వచ్చావా, చిన్నవాని మాట వినలేక వచ్చావా?" పని చేతకాకపోతే నేర్పించవచ్చు. రెండవదైతే, గిటారు వాయించినవాని ఎదుట నిలువబడి వందల పాటలు పాడిన ఈ మనిషి కథ చెప్పండి. భోజనం పెట్టి, నాలుగు రోజులు ఇంట ఉంచుకొని, మరల రైలెక్కించండి.