క్లౌడ్ కాలంలో రౌటర్ కంపెనీలు బతుకుతాయా?

మన హాస్టల్‌లో చదివి డిప్లొమా, ఇంజనీరింగ్ పూర్తి చేసిన తమ్ముళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, అమీర్‌పేటల సి.సి.ఎన్.ఏ. నేర్చుకోమంటున్నరు. అంతా క్లౌడ్‌లకే పోతుంటే ఇంక రౌటర్లు, స్విచ్‌లు ఎవరు కొంటరు? ఫీజు కట్టాల్నా వద్దా?" ఇంట్లో అప్పు తెచ్చి ఫీజు కట్టేవాళ్ళు అడిగే ప్రశ్న ఇది. పైపైన జవాబు చెప్తే పాపం తగులుతుంది.

ముందు అసలు విషయం. జూరాల నీళ్ళు ఏ కాల్వకు ఎంత పోవాలో తూము దగ్గర తేలినట్టు, సమాచారం ఏ దారిన పోవాలో తేల్చే యంత్రం రౌటర్. ఒక ఆఫీసులోని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపేది స్విచ్. వీటిని అమ్మి పెద్దదైన కంపెనీ సిస్కో. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో పనిచేసిన లెన్ బోసాక్, శాండీ లెర్నర్ అనే దంపతులు 1984లో దీన్ని మొదలుపెట్టారు. 2000 మార్చిలో కొద్దికాలం ఇది మైక్రోసాఫ్ట్‌ను కూడా దాటి ప్రపంచంలోనే అత్యంత విలువైన కంపెనీ అయింది. ఆ తర్వాత షేరు ఎంతగా పడిపోయిందంటే, నాటి ధరను మళ్ళీ దాటడానికి 2025 డిసెంబరు దాకా పట్టింది.

మరి క్లౌడ్ అంటే? మన పాలమూరులో మొగులు చూసి వాన కోసం ఆశపడటం అలవాటే గాని, ఈ క్లౌడ్ మొగులు మీద ఉండేది కాదు, నేల మీదనే ఉంటుంది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ కేంద్రంగా తన క్లౌడ్ సేవలు మొదలుపెట్టింది. మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ల కోసం భూములు కొన్న షాద్‌నగర్ 2016 దాకా మన మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. ఒకప్పుడు ప్రతి బ్యాంకు, ప్రతి కంపెనీ తన కంప్యూటర్లను తన గదిలోనే పెట్టుకునేది. ఇప్పుడు వాటిని ఇలాంటి చోట అద్దెకు తీసుకుంటున్నది.

దీన్ని మన మెస్‌తో పోల్చి చూడండి. వంద ఇండ్లలో వంద పొయ్యిలు ఉంటే గిన్నెల దుకాణందారుకు వంద మంది గిరాకీలు. ఆ వంద మంది పిల్లలూ హాస్టల్‌లో తింటే పెద్ద డేగిశలు నాలుగు చాలు. తినే అన్నం తగ్గలేదు, కొనేవాడు మాత్రం ఒక్కడే అయ్యాడు. ఆ ఒక్కడు దుకాణానికి పోకుండా నేరుగా తయారుచేసేవాడి దగ్గరికే పోయి బేరం చేస్తాడు!

సరిగ్గా అదే జరిగింది. గూగుల్ 2005 ప్రాంతం నుండే తన డేటా సెంటర్లకు కావలసిన స్విచ్‌లను తానే తయారు చేయించుకోసాగింది. ఫేస్‌బుక్ 2014లో వెడ్జ్ అనే సొంత స్విచ్‌ను ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ 2016లో సోనిక్ అనే స్విచ్ సాఫ్ట్‌వేర్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. బ్రాడ్‌కామ్ వంటి కంపెనీలు చిప్పును ఎవరికైనా అమ్ముతాయి. చిప్పు ఒకరిది, డబ్బా ఒకరిది, సాఫ్ట్‌వేర్ ఇంకొకరిది అయినప్పుడు మూడూ కలిపి ఎక్కువ ధరకు అమ్మేవాడికి కష్టకాలమే.

అట్లని అందరూ మునగలేదు. కెనడా కంపెనీ నార్టెల్ 2009 జనవరిలో దివాలా తీసింది కాని దాన్ని క్లౌడ్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. లెక్కల కుంభకోణం, టెలికాం మాంద్యం దాన్ని అప్పటికే తినేశాయి. 1996లో ప్రదీప్ సింధు స్థాపించిన జూనిపర్ ఒంటరిగా నిలవలేకపోయింది. 2025 జూలైలో దాదాపు 1400 కోట్ల డాలర్లకు హెచ్.పి.ఇ. దాన్ని కొనుక్కున్నది. అరిస్టా కథ వేరు. 2004లో పుట్టిన ఈ కంపెనీని 2008 నుండి నడిపిస్తున్న జయశ్రీ ఉల్లాల్ అంతకు ముందు సిస్కోలోనే పనిచేసింది. అరిస్టా ఎక్కువగా బయట దొరికే చిప్పులనే వాడి, సాఫ్ట్‌వేర్ మీద శ్రద్ధ పెట్టి, మైక్రోసాఫ్ట్, మెటా వంటి మెస్ వాళ్ళకే డేగిశలు అమ్మింది! వాళ్ళే దాని పెద్ద గిరాకీలు. ఆ ఇద్దరిలో ఒకరు మొహం తిప్పుకుంటే ఏమవుతుందన్నది వేరే భయం.

సిస్కో కూడా ఊరికే కూర్చోలేదు. 2019 డిసెంబరులో సిలికాన్ వన్ అనే చిప్పు తెచ్చి, డబ్బా లేకుండా ఉత్త చిప్పు అమ్మడానికీ ఒప్పుకున్నది. 2024 మార్చిలో 2800 కోట్ల డాలర్లు పోసి స్ప్లంక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీని కొన్నది. కృత్రిమ మేధ కోసం వేలాది చిప్పులను ఒకదానికొకటి కలపాల్సి రావడంతో స్విచ్‌లకు మళ్ళీ గిరాకీ పెరిగింది. అయితే అక్కడ ఎన్‌విడియా కాచుకొని ఉన్నది. 2020లోనే మెలనాక్స్ అనే నెట్‌వర్క్ కంపెనీని కొని పెట్టుకున్నది. కనుక నా అంచనా ఇది: కంపెనీలు బతుకుతాయి, కాని డబ్బా అమ్ముకొని బతికే పద్ధతి బతకదు.

ఫీజు సంగతికి వస్తే, సిస్కో 2020 ఫిబ్రవరిలో సి.సి.ఎన్.ఏ. పరీక్షను మార్చి ఆటోమేషన్ పాఠాలు కూడా చేర్చింది. ఐ.పి. అడ్రసులు, సబ్‌నెట్‌లు, రౌటింగ్ క్లౌడ్‌లో కూడా అవే. మారినదల్లా వందల యంత్రాలను ఒక్కొక్కటిగా కాకుండా ప్రోగ్రాం రాసి ఒకేసారి సరిచేయడం. కనుక నేర్చుకోండి గాని దానితో పాటు లినక్స్, పైథాన్ కూడా పట్టండి. పాత సిలబస్ చెప్పే కోచింగ్ సెంటర్‌కు మాత్రం ఒక్క రూపాయి కూడా కట్టకండి. సిలబస్ కాగితం చూపించమని అడగడానికి మొహమాటం వద్దు.

ఇంకొకటి, అన్ని పెట్టెలూ డేటా సెంటర్‌లోకి పోవు. మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టి-ఫైబర్ కేబుల్‌కు కూడా గొట్టాలు వేశారు. 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా ఇండ్లకు కనెక్షన్లు ఇచ్చిన గ్రామాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. ఆ కేబుల్ కొసన, పంచాయతీ ఆఫీసులో, బడిలో, ఇంట్లో ఒక పెట్టె ఉండాల్సిందే. పిడుగు పడి అది కాలిపోతే బాగుచేసేవాడు కూడా ఊరికి దగ్గర్లో ఉండాల్సిందే.