దారి మళ్లిన విమానం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాళ్లకు గల్ఫ్ నుంచి ఇంటిదారి హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం మీదుగానే. 2022 జులై 17న షార్జా నుంచి హైదరాబాద్‌కు బయల్దేరిన ఇండిగో విమానం కరాచీలో దిగిందనగానే ఇక్కడ గుండెలు గుభేలుమనడం సహజమే. అదీ పాకిస్తాన్‌లో! కానీ పైలట్లు గమనించింది ఒక ఇంజిన్‌లో సాంకేతిక లోపం. ప్రయాణికుల కోసం వేరే విమానం పంపారు. రెండు ఇంజిన్ల విమానం ఒక్కదానితోనూ ఎగరగలదు. అయినా ఆ రెండోదాన్నే నమ్ముకుని గంటలు సాగడం కంటే, దగ్గరి రన్‌వే మీద దిగడమే వివేకం.

మరి లోపమే రాకుండా చూడొచ్చుగా అంటారు. న్యాయమైన ప్రశ్నే. జాగ్రత్తగా దింపిన పైలట్‌ను మెచ్చుకుంటే నిర్వహణ లోపాలు మాఫీ అయిపోవు. వరుస సాంకేతిక ఘటనల తర్వాత అదే నెలలో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ మరో విమాన సంస్థ స్పైస్‌జెట్ సర్వీసులను ఎనిమిది వారాలపాటు సగానికి కుదించింది. లెక్క అడగాల్సింది హ్యాంగర్‌లో, కాక్‌పిట్‌లో కాదు.