కులం గడిలో ‘క్రిస్టియన్’

సోమవారం పొద్దున్నే ఎడిటర్ గారి ఫోను. “క్రిస్మస్ ముందు ఆదివారం సంచిక. ముఖచిత్ర కథనం, మిషనరీ జీవితం. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్ళిపోవాలి.” ఏ మిషనరీ అని అడిగేలోపే పెట్టేశారు.

రాంనగర్‌లో ఉండేవాడికి మిషనరీ అంటే ముందు గుర్తొచ్చేది నారాయణగూడ క్రైస్తవ శ్మశానవాటికే. ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని మధ్యాహ్నం దాకా సమాధుల మధ్య తిరిగాను. అరిగిన ఇంగ్లీషు పేర్లు, రాతి శిలువలు, వాటి మీద ఎండుటాకులు. ముఖచిత్రానికి లోటు లేదు. కథకే ప్రాణం రావడం లేదు. దొరగారి టోపీ, గుర్రబ్బండి, జాలిగుండె ప్రతి డిసెంబరులో ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు.

దారి చూపింది మా పక్కింటి పెద్దమ్మ. అన్నం వండే ముందు చర్చి కోసం పిడికెడు బియ్యం డబ్బాలో వేసే మనిషి. నేను చెప్పిందంతా విని, “ఎప్పుడూ తెల్లోళ్ళు వచ్చిండ్రనే రాస్తరు. మనోళ్ళు పోలేదా బిడ్డా?” అంది.

పోయారు. నెల్లూరు ప్రాంతం నుంచి 1903లో జాన్ రంగయ్య అనే బాప్టిస్టు బోధకుడు భార్య కనకమ్మతో, పిల్లలతో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్ళాడు. పంపింది అమెరికా వాళ్ళు కాదు, తెలుగు బాప్టిస్టులే పెట్టుకున్న హోమ్ మిషన్ సంఘం. అక్కడి తోటల్లో తమంతట తామే కూడి ప్రార్థనలు చేసుకుంటున్న తెలుగువాళ్ళు కాపరి కావాలని ఇంటికి కబురు పంపారు. దానికి జవాబుగా వెళ్ళినవాడు రంగయ్య. డర్బన్‌కు ఉత్తరాన కియర్స్నీలో, లీజ్ హ్యూలెట్ అనే దొర టీ తోట దగ్గర, 1903 డిసెంబరు 27న సంఘం ఏర్పాటైంది.

ఆయన కోసం వెతుకుతుంటే ఓడ జాబితాలు దొరికాయి. ఇక రెండు రాత్రులు నేను వాటిని వదల్లేదు.

1860 నుంచి 1911 వరకు నేటాల్‌కు వెళ్ళిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచే. ప్రతి ఓడకూ గుమాస్తా ఒక పట్టిక రాశాడు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. ఊళ్ళ పేర్లు ఇంగ్లీషు చెవికి వినిపించినట్టే ఉంటాయి. పైకి చదివితే గానీ అది మన విశాఖ పక్క పల్లె అని తెలియదు. పుట్టుమచ్చ, పాత గాయపు మచ్చ... పశువుల సంతలో చూసినట్టు చూసి రాసుకున్నారు.

నా కన్ను పడ్డది కులం గడి మీద. మొదటి ఓడ ‘ట్రూరో’, 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ పట్టికలో కొందరి కులం ‘జెంటూ’. మద్రాసు ఇంగ్లీషువాళ్ళు తెలుగువాళ్ళను పిలిచిన పేరది. అంటే భాషనే కులం చేసేశారు. ఇంకొందరి గడిలో ‘పరయ’. మరికొందరి గడిలో ‘క్రిస్టియన్’. గుమాస్తా తొందరలో అలా రాసుకుపోయాడంటే నేను నమ్మను. కులం ఏమిటని అడిగితే, వాళ్ళు ఆ మాటే చెప్పి అదే రాయించుకున్నారని నాకనిపిస్తుంది. ఊరు దాటగానే ముందు వదిలించుకోవాలనుకున్నది కులాన్నే అయ్యుంటుంది.

రంగయ్య పేరు ఆ పట్టికల్లో ఉండదు. ఆయన కూలీ ఒప్పందం మీద పోలేదు. ఆయన బోధ విన్నవాళ్ళవి మాత్రం ఆ నంబర్లే. ఒప్పందం ఐదేళ్ళు. తోట దాటాలంటే దొర చేతి చీటీ ఉండాలి.

మిషన్ల మీద నాకున్న అనుమానం ఇక్కడా పోలేదు. ఆదివారం తాగని కూలీ సోమవారం పొద్దున్నే పనిలో ఉంటాడు. తోట యజమానికి బోధకుడు ముద్దొస్తే ఆశ్చర్యమేముంది? కానీ బాప్టిస్టుల పద్ధతిలో ఇంకొకటుంది. పెద్దయ్యాక, తెలిసి, తానే ఒప్పుకున్నవాడికే నీళ్ళలో ముంచి బాప్తిస్మం. సంఘం వ్యవహారం మీద బిషప్పు ఉండడు, సభ్యులే చెయ్యెత్తి తేల్చుకుంటారు. వారమంతా నంబరుగా బతికిన మనిషికి ఆదివారం తెలుగులో ఒక పేరు, ఒక ఓటు. రంగయ్య మోసుకెళ్ళిన సామానులో నాకు బరువుగా కనిపించింది ఇదే. ఓటుతో పాటు తగాదాలూ వచ్చాయి. ఆయన చివరి ఏళ్ళలో ఆ సంఘాలు చీలాయి. 1915లో, పన్నెండేళ్ళ సేవ తర్వాత, కన్నుమూశాడు.

ఎడిటర్ గారు చరిత్ర లేదంటారు కాబట్టి, గబగబా. అమెరికా బాప్టిస్టు శామ్యూల్ డే 1836లో తెలుగు నేలకు వచ్చాడు, 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కే. మిషన్ మూసేద్దామన్న మాట కూడా వచ్చింది. ఆ తర్వాత ఒంగోలులో అదే మిషన్‌కు చెందిన క్లౌ దొర, 1876-78 కరువు, బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగానికి ఆయన తీసుకున్న కాంట్రాక్టు, ఆకలిగొన్న మాదిగపల్లెలకు పని. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. అది జరిగిన పాతికేళ్ళకు రంగయ్య ఓడెక్కాడు.

బుధవారం రాయడానికి అశోక్‌నగర్ సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళాను. కుర్చీలన్నీ గ్రూప్స్ పిల్లలవే. నా పక్కన ఒకమ్మాయి ఫోనులో దరఖాస్తు నింపుతోంది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, జిల్లా, ఒంటి మీద గుర్తులు. నా చేతిలోని ఓడ జాబితా గళ్ళూ దాదాపు అవే. కులం దగ్గర ఆ పిల్ల బీసీ-సీ నొక్కింది. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకు, వాళ్ళ సంతానానికి మన రెండు రాష్ట్రాల్లో ఇచ్చే వర్గం అది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల వాళ్ళకు ఎస్సీ హోదా ఉండదు. ఓడ గుమాస్తా దగ్గర ఒక్క మాటతో దాటిన గడి ఇక్కడ కొత్త అక్షరాలతో తిరిగొచ్చింది. ఆమెను కదిలించలేదు. గడువు తేదీ ఆమెకూ ఉంది, నాకూ ఉంది.

*బాక్సులో పట్టినవి*

ఒప్పంద కూలీ జీతం మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏటా ఒక షిల్లింగు పెంపు. ఒప్పందం ముగిశాక అక్కడే ఉంటామంటే ఏటా 3 పౌండ్ల పన్ను. 1895లో చట్టం చేశారు, గాంధీ నడిపిన సమ్మె తర్వాత 1914లో ఎత్తేశారు.

రంగయ్య వెళ్ళిన ఏడాదే, 1903 జూన్ 4న, డర్బన్‌లో ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక మొదలైంది. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళంలో వేశారు. తెలుగు లేదు.

అక్కడి తెలుగువాళ్ళు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నది 1931లో.

కూలీల రాక ఆగాక నేటాల్ టీ నిలదొక్కుకోలేదు. కియర్స్నీ చుట్టూ ఇప్పుడు చెరకే.